పద్నాలుగో పొట్టేలు

గోమారి తన జన్మలో మూడేసార్లు తింటుంది. పుట్టిన కొత్తలో ఒకసారి, ఎదిగేటప్పుడు ఒకసారి, గుడ్లు పెట్టబోయే ముందు ఒకసారి. అంతే, మూడు పూటల బతుకు. ఈ మాట చెబితే కొందరు అయ్యో పాపం అంటారు. గొర్రె చెవి వెనక నుంచి దాన్ని ఎన్నడూ పీకి ఉండరు కాబట్టి అంటారు. పుస్తకాల్లో దాన్ని పిడుదు అని రాస్తారుగానీ మా రాళ్ళదొడ్డిలో గోమారి అంటేనే తెలుస్తుంది. నేను గొర్రెలు కాచే కురుమల పిల్లను. నడక నేర్చినప్పటి నుంచీ గోమార్లు పీకాను. పెద్ద చదువులు చదివి, నగరంలో పరిశోధనశాలలో చేరి, అక్కడా గోమార్లే పీకాను. తెల్లకోటు ఒక్కటే అదనం.

నా పేరు డాక్టర్ కొమురవ్వ. పేరు మార్చుకుంటే బాగుంటుందని కాలేజీలో సలహా ఇచ్చినవాళ్ళున్నారు. వాళ్ళకు నేనేం జవాబిచ్చానో రాస్తే ఎవరూ అచ్చువేయరు.

మేం తయారుచేసిన యంత్రానికి 'నెమరు' అని పేరు పెట్టింది నేనే. ఒక్క గోమారిని అందులో పెడితే చాలు, అది తిన్న మూడు పూటలనూ విడివిడిగా చదువుతుంది. మొదటి పూట ఎలుక, రెండో పూట గొర్రె, మూడో పూట మనిషి, ఇలా. ఏ పూట రక్తంతో ఏ క్రిమి లోపలికి వచ్చిందో చెబుతుంది. ఆ రక్తం నమూనా మా దగ్గర ముందే ఉంటే ఏ గొర్రెదో, ఏ మనిషిదో కూడా చెప్పేస్తుంది. ఆరేళ్ళు పట్టింది దాన్ని ఆ దశకు తేవడానికి. మనుషులు బొంకుతారు, నెమరు బొంకదు అని నేను సభల్లో గొప్పలు పోయాను కూడా.

ఆ మంగళవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళారు. నేను రాళ్ళదొడ్డి నుంచి వచ్చిన గోమార్లలో మొదటిదాన్ని నెమరులో పెట్టి కూర్చున్నాను.

అప్పటికి మా ఊళ్ళోనూ చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలోనూ రెండు నెలల్లో ఏడుగురు పోయారు. విడవని జ్వరం, ఒంటినిండా ఎర్రటి దద్దు, ఎక్కడో ఒకచోట నల్లటి పొక్కు. పేపర్లవాళ్ళు ఎవరినీ అడగకుండానే 'రాళ్ళదొడ్డి జ్వరం' అని పేరు పెట్టేశారు. పేరు పెట్టడం ఎంతసేపు? కోతలైన చేలల్లో ఎరువు కోసం మందను పెట్టించుకునే రైతులు, మా వాళ్ళు ఎప్పుడొస్తారా అని కబురు మీద కబురు పంపేవాళ్ళు, ఇప్పుడు మా మందలను పొలిమేరలోనే ఆపి వెనక్కి తోలుతున్నారు. గురువారం ప్రభుత్వ కమిటీ కూర్చుని, జ్వరానికి కారణం తేల్చి, పేరు ఖాయం చేస్తుంది. కారణం తేల్చాల్సింది నెమరు. అంటే నేను.

ఇదంతా ఒక ఎత్తు. నా తమ్ముడు బీరయ్య కూతురు నవనీత ఆరు రోజులుగా అదే జ్వరంతో జిల్లా ఆసుపత్రిలో పడి ఉండటం ఒక ఎత్తు. పదమూడేళ్ళ పిల్ల. నా ఒళ్ళో పెరిగిన పిల్ల.

తెర మీద అక్షరాలు వచ్చాయి. మొదటి పూట ఎలుక. రెండో పూట గొర్రె, క్రిమి లోపలికి వచ్చింది ఈ పూటలోనే. దాని కింద ఇంకో వరుస. 'రక్తం పాత నమూనాతో సరిపోయింది. పొట్టేలు 14, మూడో కొట్టం.'

మూడో కొట్టం రాళ్ళదొడ్డిలో లేదు. నేను కూర్చున్న గది కిటికీలోంచి కనిపిస్తోంది.

మూడేళ్ళ కిందట ఆ కొట్టంలో పదహారు పొట్టేళ్ళు ఉండేవి. వాటి మీద మేం గోమార్లను పెంచేవాళ్ళం. ఈ రకం జ్వరాలకు డాక్టర్లు మామూలుగా ఇచ్చే మందునే కొద్దికొద్దిగా పొట్టేళ్ళకు పెట్టి, ఆ రక్తం తాగిన గోమార్లలో క్రిమి చస్తుందేమో చూశాం. చావలేదు సరికదా, మందుకు తట్టుకోవడం నేర్చుకుంది. ప్రయోగం ఆపేశాం. పదహారింటినీ చంపి కాల్చేయమని ఆదేశం వచ్చింది. ఆ పని నాకే పడింది.

పదిహేనింటిని చంపాను. పద్నాలుగో నంబరు దానికి నొసట రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ ఉంది. మా ఇంట్లో అలాంటి పొట్టేలు పుడితే మా కులదేవుడు బీరప్ప పేర విడిచిపెడతారు. దాని మెడ మీద కత్తి పెట్టరు. మా నాయన చచ్చేదాకా పెట్టలేదు, ఇల్లంతా పస్తులున్న ఏడాది కూడా పెట్టలేదు. నేను సూది పట్టుకుని దాని ముందు కూర్చున్నాను. అది వచ్చి నా భుజం వాసన చూసింది. ఇక నావల్ల కాలేదు. రెండుసార్లు దాని రక్తం పరీక్ష చేశాను, రెండుసార్లూ క్రిమి కనపడలేదు. చాలు, శుభ్రంగా ఉంది అని నాకు నేనే చెప్పుకున్నాను. సరుకుల ఆటోలో ఎక్కించి బీరయ్యకు పంపాను. రిజిస్టర్లో 'చంపి కాల్చడమైనది' అని రాశాను. మా డైరెక్టర్ చక్రపాణి గారు చూడకుండానే సంతకం చేశారు.

ఇంకో ఆరు గోమార్లను పెట్టాను. వేరే ఇళ్ళవి, వేరే మందలవి. కొన్నింటికి ఆ క్రిమి పద్నాలుగు నుంచే వచ్చింది. మిగతావాటికి వేరే గొర్రెల నుంచి వచ్చిందిగానీ, క్రిమి మాత్రం అదే, మందుకు తట్టుకున్నదే. నా పరీక్షలకు దొరకనంత తక్కువగా పద్నాలుగు రక్తంలో దాక్కుని, మూడేళ్ళలో గోమారి నుంచి గొర్రెకు, గొర్రె నుంచి గోమారికి పాకి, ఇప్పుడు మనుషుల దాకా వచ్చింది. అయిదు గంటలకు తమ్ముడికి ఫోన్ చేశాను.

"బీరయ్యా, పొట్టేలు ఏడున్నదిరా?"

"ఏ పొట్టేలక్కా?"

"నేను పంపింది."

"రాజానా? దొడ్లనే ఉన్నడు. మంచిగనే మేస్తున్నడు. పిల్ల ఈడ గిట్ల పడుంటే నీకు పొట్టేలు యాదికొచ్చిందా?"

"నవనీత దాని దగ్గరికి పోతుండెనా?"

"పోవుడేందక్కా, సెలవులల్ల దాన్ని ఇడిసిపెడితే గదా! పొద్దుమాపు దాని చెవులల్ల గోమార్లు తీసుడే. బొటనేళ్ళ గోళ్ళ నడుమ పెట్టి టక్కున నలుపుతది. అచ్చం నీ లెక్కనే."

నా లెక్కనే. నేర్పింది నేనే మరి. నవనీతకు నల్లటి పొక్కు వచ్చింది కుడిచేతి బొటనవేలి గోరు పక్కన. గోమారి కరవనక్కర్లేదు. పగిలిన గోమారి రక్తం గోటి సందులోకి పోతే చాలు.

"మందు పనిజేస్తున్నదా?" అన్నాను.

"డాక్టరమ్మ ఇంకో రెండు దినాలు జూద్దమంటున్నది. నాకైతే భయమైతున్నదక్కా. నిన్నటిసంది పిల్ల కండ్లు సరిగ్గ తెరుస్తలేదు."

ఆ మందు రెండు రోజులు కాదు, రెండు నెలలు ఇచ్చినా పనిచేయదు. ఆ సంగతి భూమ్మీద తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ క్రిమిని చంపే మందు ఏదో కూడా అప్పటి ప్రయోగాల వల్ల తెలుసు. మా అల్మారాలోనే ఉంది.

అప్పుడు నేను చేసిన పని చెబుతాను. చెప్పకపోతే ఈ కథంతా దండగ. ఏడు ఫలితాలనూ నెమరులోంచి చెరిపేశాను. అల్మారా తెరిచి ఒక్క మనిషికి సరిపడా మందు తీసి సంచిలో వేసుకున్నాను. పిల్ల బతుకుతుంది, ఉద్యోగం నిలబడుతుంది, తమ్ముడి మొహం చూడగలుగుతాను. గురువారం కమిటీ ముందు 'ఇంకా తేలలేదు' అంటే సరిపోతుంది. ఛీ, ఎంత శుభ్రంగా ఆలోచించానో!

బుధవారం పొద్దున్నే మొదటి బస్సుకు ఆసుపత్రి చేరాను. వార్డు డాక్టరు పేరు ఫర్హానా. వారం రోజులుగా సరిగ్గా నిద్రలేని మొహం. సంచిలోంచి మందు తీసి ఆమె చేతిలో పెట్టాను. సీసాను తిప్పి తిప్పి చూసింది.

"మేడం, ఇది ఈ జ్వరానికి ఎవరూ వాడరు. కిడ్నీలు పాడైతయ్. ఈ పిల్లకు ఎందుకియ్యాలె?"

"నేను చెప్తున్నా కదా."

"మీరు పెద్ద సైంటిస్టే కావచ్చు. మామూలు మందు పనిచెయ్యదని మీకెట్ల తెలుసు?"

నా నోటికి జడిసి మా ల్యాబులో ఆఫీసర్లు కూడా పక్కకు తప్పుకుంటారు. ఆ నోరు ఆ పొద్దు పెగల్లేదు.

ఫర్హానా నన్నే చూస్తూ, "సరే, పనిచెయ్యదనే అనుకుందాం," అంది. "ఈ వార్డుల ఇదే జ్వరంతోని ఇంకా పదకొండు మంది ఉన్నరు. వాళ్ళకెవరు తెస్తరు? ఒక్క పిల్లకే తెచ్చిండ్రేంది?"

వెనక్కి తిరిగి చూశాను. వరసగా మంచాలు. ప్రతి మంచం పక్కన ఎవరో ఒకరు తడిగుడ్డ పట్టుకుని కూర్చున్నారు. అందరూ నాకు తెలిసినవాళ్ళే. ఏడో మంచం మీద ఎంకటి తాత. చిన్నప్పుడు నన్ను భుజానేసుకుని మంద వెంట తిప్పినవాడు. నన్ను చూసి చెయ్యెత్తబోయి ఎత్తలేకపోయాడు.

అక్కడే, నవనీత మంచం దగ్గర నిలబడి, అంతా చెప్పేశాను. కొట్టం, మందు, తెల్లమచ్చ, రిజిస్టరు, చెరిపేసిన ఫలితాలు, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ బీరయ్య వైపు చూడలేదు. చెప్పాక చూశాను.

"నువ్వు పంపినదానితోనా?" అన్నాడు వాడు మెల్లగా. "దేవుని పొట్టేలు, పైలంగ జూసుకో అన్నవు గదనే అక్కా. మూడేండ్లు నా బిడ్డ పక్కన కట్టేసి సాదితిని గద."

తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఫర్హానా కూడా తిట్టలేదు. తిట్టే తీరిక ఆమెకు లేదు. "ఎంత ఇయ్యాలె, ఎన్ని దినాలు? ఇదంతా రాసి సంతకం పెట్టున్రి," అని కాగితం ఇచ్చింది. రాశాను. నవనీతకు మొదటి సూది అప్పుడే పడింది. మిగతా పదకొండు మందికి సరిపడా మందు మా అల్మారాలో ఉంది. అది బయటికి రావాలంటే డైరెక్టర్ సంతకం కావాలి. ఫోన్ చేశాను.

అంతా విని చక్రపాణి గారు గొంతు తగ్గించి, "చూడండి కొమురవ్వగారూ, రిజిస్టర్లో కాల్చేశామని ఉంది. కింద నా సంతకం ఉంది. రాసింది రాసినట్టే ఉండనివ్వండి. రేపు కమిటీలో ఊరి పేరు ఎటూ ఖాయమవుతుంది. మెల్లగా నెల తరవాత కొత్త మందు కనిపెట్టామని చెబుదాం. మీకూ పేరొస్తుంది," అన్నారు.

"నెలకు వీళ్ళెవరూ ఉండరు సార్."

"రుజువేదీ? ఫలితాలు చెరిపేశానని మీరే అంటున్నారు. మీ మాట పట్టుకుని పదకొండు మందికి కిడ్నీలు పాడుచేసే మందు పంపమంటారా?"

అందులో న్యాయం ఉంది. అదే నన్ను కాల్చింది.

"సాయంత్రానికి రుజువు తెస్తాను. మీరు చూడకుండా సంతకం చేస్తారని తెలిసే ఆ రోజు రిజిస్టరు మీ బల్లమీద పెట్టాను. ఈ పూట చూసి చేయండి," అని ఫోన్ పెట్టేశాను.

రాళ్ళదొడ్డి అక్కడికి గంట ప్రయాణం. దొడ్లో రాజా నన్ను గుర్తుపట్టింది. మూడేళ్ళలో గుర్రప్పిల్లంత అయింది. మంద కోసం ఇంటి దగ్గరే ఉండిపోయిన మా మరదలు లచ్చవ్వకు బీరయ్య ఫోన్లో చెప్పేసినట్టున్నాడు. తాడు విప్పి, నా చేతికివ్వకుండా నేలమీద పడేసి లోపలికి వెళ్ళిపోయింది. నేను చేతితొడుగులు వేసుకుని, పట్టకారుతో దాని చెవుల్లోంచి తొమ్మిది గోమార్లు తీశాను. పుట్టి బుద్ధెరిగాక గోళ్ళు వాడకుండా గోమారి తీయడం అదే మొదలు. పొట్టేలును బండి ఎక్కించాను. దారి పొడుగునా అది నా భుజానికి మొహం రుద్దుతూనే ఉంది. ఒరే, ఊరుకోరా, అని నేను దాన్ని కసురుతూనే ఉన్నాను.

మూడున్నరకు ల్యాబు చేరాం. పొట్టేలు రక్తం తీసి పాత నమూనాతో పోల్చాను, అదే. గోమార్లను నెమరులో పెట్టాను. చక్రపాణి గారు నా వెనకే నిలబడి చూశారు. ఒకటి, రెండు, మూడు. ప్రతిసారీ అదే వరుస వచ్చింది. నాలుగోదానికి ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అయిదోది పూర్తికాకముందే కాగితం తీసుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి సంతకం చేశారు. మనిషి చెడ్డవాడు కాదు. నాలాంటివాడే.

మందు ఆసుపత్రికి చేరేసరికి ఏడున్నర. అప్పటికి గంట ముందే ఏడో మంచం ఖాళీ అయింది. మంగళవారం సాయంత్రమే నేను నోరు విప్పి ఉంటే ఎంకటి తాతకు పూర్తిగా ఒక రోజు ముందు మందు పడేది. బతికేవాడో లేదో నెమరు చెప్పదు. నేను మాత్రం బతికేవాడనే అనుకుంటాను. ఆ అనుకోవడం నుంచి నాకు విడుదల లేదు.

ఆ సాయంత్రం, మందు వెళ్ళే బండి గేటు దాటాక, మూడో కొట్టంలో రాజా ముందు మళ్ళీ సూది పట్టుకుని కూర్చున్నాను. ఈసారి కూడా వచ్చి భుజం వాసన చూసింది. తల నిమురుతూనే పొడిచాను. కత్తి పెట్టలేదు నాయనా అని పైకే అన్నాను. నాయనతో అన్నానో, పొట్టేలుతో అన్నానో తెలియదు.

గురువారం కమిటీలో పద్దెనిమిది మంది పెద్దలు. ముసాయిదాలో 'రాళ్ళదొడ్డి జ్వరం' అని అచ్చయి ఉంది. నేను లేచి, కారణం చదివి, "ఈ క్రిమి రాళ్ళదొడ్డిలో పుట్టలేదు, మా కొట్టంలో తయారైంది. బయటికి పంపింది నేను. ఊరి పేరు పెడితే తప్పు ఊరికి అంటుతుంది. పేరే కావాలంటే నా పేరు పెట్టుకోండి," అన్నాను.

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి, "మనుషుల పేర్లు పెట్టే పద్ధతి ఇప్పుడు లేదమ్మా," అన్నాడు.

"ఊళ్ళ పేర్లు పెట్టే పద్ధతి ఉందా?"

మధ్యాహ్నానికి 'గోమారి దద్దు జ్వరం' అని రాసుకున్నారు. నన్ను ఉద్యోగంలోంచి తీసేసి, నా మీద కేసు పెట్టారు. పెట్టాల్సిందే.

నవనీత మందు పడిన పదో రోజుకు లేచి కూర్చుంది. మొదట అడిగింది, "రాజా ఏడున్నడు అత్తమ్మా?"

"లేడే. నేనే సూదేసిన."

గోడ వైపు చూసింది. "ఏడ్సినవా?"

"ఏడ్సిన."

"అయితే సరే," అని అటు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతూనే ఉన్నాయి.

కమిటీ పెట్టిన పేరు కాగితాల్లో ఉండిపోయింది. వార్డులో మొదలైందో, పేపరు చూసి మొదలుపెట్టారో తెలియదుగానీ, జనం దాన్ని 'కొమురవ్వ జ్వరం' అన్నారు. బస్సుల్లో, సంతల్లో, మందుల దుకాణాల్లో అదే మాట. మార్చుకోనని కాలేజీలో మొండికేసిన పేరు. ఒకసారి నా ముందు సీట్లో తల్లి పిల్లవాడిని బెదిరించింది, కుక్క దగ్గరికి పోతే కొమురవ్వ జ్వరమొస్తదిరా అని. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

నాలుగు నెలలైంది. కోతలైపోయాయి. ఊళ్ళో గొర్రెలన్నిటినీ పరీక్ష చేసి, జబ్బున్నవాటిని ఏరేశాక, మందలు మళ్ళీ బయలుదేరాయి. కేసు ఇంకా నడుస్తోంది, చేసే ఉద్యోగం లేదు, కాబట్టి నేనూ మంద వెంట వెళ్ళాను. వద్దని ఎవరూ అనలేదు. రమ్మనీ అనలేదు. ఈ నాలుగు నెలల్లో బీరయ్య నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం ముద్ద కూడా నవనీత చేతే పంపేవాడు. నేను రోజూ పట్టకారుతో గొర్రెల చెవులు చూసేదాన్ని. పిల్లకు కూడా పట్టకారు కొనిచ్చాను. గోళ్ళు పెడితే చెయ్యి విరగ్గొడతానని చెప్పాను.

పక్క మండలంలో ఒక సాయంత్రం, పొద్దు ఇంకా ఉండగానే, ఒక చేను దగ్గర ఆగాం. మందను కట్టే వల భుజాన వేసుకుని బీరయ్య ముందు నడుస్తున్నాడు. గట్టుమీద కూర్చున్న ముసలి రైతు లేచి అడ్డం వచ్చాడు.

"ఏ ఊరోళ్ళయ్యా?"

"రాళ్ళదొడ్డి," అన్నాడు బీరయ్య.

"గా కొమురవ్వ జ్వరం మీ దిక్కే గదా వచ్చింది?"

"మా దిక్కే. ఇప్పుడు లేదు. డాక్టర్లు కాగితం గూడ ఇచ్చిండ్రు."

రైతు మందనూ మమ్మల్నీ చూశాడు. "ఎవ్వతో ఏమో గనీ, పట్నంల గూసొని గింతమందిని పాడుజేసింది. దాన్ని ఏం జేసినా పాపం లేదు," అని ఉమ్మేశాడు.

నేను తల దించుకున్నాను. నవనీత నా చెయ్యి పట్టుకుంది. బీరయ్య వల కిందికి దించి, నడుం నిలబెట్టుకుని నిలుచున్నాడు.

"గామె మా అక్క," అన్నాడు. "గీమెనే. తెచ్చింది గీమెనే, చెప్పింది గీమెనే. చెప్పకుంటే గీ పిల్ల ఉండకపోవు. ఇగ నీ ఇష్టం పెద్దయ్యా, మంద పెట్టుమంటే పెడతం, పొమ్మంటే పోతం."

ముసలాయన నన్ను చూశాడు, పిల్లను చూశాడు. పిల్ల బొటనవేలి మీద మిగిలిన నల్లటి మచ్చను చూశాడు. తరవాత చేలో ఎత్తుగా ఉన్న మూల వైపు చెయ్యి చాపి, "ఆడ పెట్టున్రి, ఆడ నేల ఎరువు లేక సప్పగైంది," అన్నాడు.

బీరయ్య వంగి వల విప్పడం మొదలుపెట్టాడు. విప్పుతూనే, నా వైపు చూడకుండా, రెండో కొసను నా ముందుకు విసిరాడు.

"అక్కా, గది గట్టిగ పట్టుకో."

పట్టుకున్నాను.